మెలీదా వేసవి పిల్లలు

జూన్ నెల వస్తోందంటే మెలీదాకు ముందే నీరసం వచ్చేది. ఎండలకు కాదు. ఏడాది పొడుగునా లాండ్రీలో ఆవిరి యంత్రం ముందు నిలబడి ఊరందరి చొక్కాలకూ ఇస్త్రీ చేసే మనిషికి లాస్ ఏంజెలెస్ ఎండ ఒక లెక్కలోది కాదు. జూన్‌లో పైమేడ ఆఫీసుకు కొత్త పిల్లలు వస్తారు. వచ్చి, పుస్తకం తెరిచి, తల కాస్త పక్కకు వంచి, గొంతు మెత్తగా చేసుకొని, "మొదటి నుంచీ చెప్పండి సెన్యోరా" అంటారు. ఆ మొదలును తలుచుకుంటేనే ఆమెకు కాళ్లు లాగేవి.

పైమేడ ఆఫీసుకు అసలు పేరు వేరే ఉంది. బోర్డు మీద రెండు భాషల్లో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కానీ వెస్ట్‌లేక్ వీధుల్లో ఆ పేరు పలికిన నాథుడు లేడు. కింద తోయా రొట్టెల కొట్టు, పైన ఆఫీసు, అంతే. కాగితాలు లేక ఈ దేశంలో బిక్కుబిక్కుమంటూ బతికేవాళ్ల కేసులను అక్కడి లాయర్లు ఫీజు తీసుకోకుండా నడుపుతారు. లాయర్లు గుప్పెడు మంది, కేసులు గోడలకు ఆనించి పైకప్పు దాకా. అందుకని ప్రతి వేసవికీ కాలేజీల నుంచి విద్యార్థులను ఇంటర్న్‌లుగా పిలిపించుకుంటారు. పిల్లలు జీతం అడగరు. మెడలో పేరు కార్డు వేలాడేసుకొని, దేశాన్ని ఈ ఎండాకాలంలోనే బాగుచేసి పోదామన్నంత ఉత్సాహంగా మెట్లెక్కుతారు. ఆగస్టులో కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు, కౌగిలించుకుంటారు, వెళ్లిపోతారు. మళ్లీ జూన్‌కు ఇంకో జట్టు దిగుతుంది.

మెలీదా పోర్తియో కేసు ఆ పిల్లల చేతుల్లో పెరిగిన కేసు. కొడుకును ముఠా వాళ్లు చంపాక ఆమె తన సాల్వడార్ దేశం వదిలేసి వచ్చి ఇక్కడ ఆశ్రయం అడిగింది. ఆశ్రయం ఇస్తారా, తిరిగి పంపించేస్తారా అన్నది జడ్జి తేల్చాలి. ఆ జడ్జి ముందు నిలబడే తేదీ ఏళ్లుగా ముందుకు జరుగుతూనే ఉంది. ఒకసారి జడ్జి మారాడన్నారు, ఒకసారి కోర్టు మూశారన్నారు, ఒకసారి ఏమీ అనకుండానే జరిపేశారు. తేదీ జరిగినప్పుడల్లా ఆమె వాంగ్మూలాన్ని తాజా చేయాలని కొత్త విద్యార్థికి అప్పజెప్పేవాళ్లు.

"ఏం అక్కా, ఈ ఏడు నీకు ఏ పిల్లని కట్టబెట్టారు?" అని కింద తోయా అడిగేది, సెమీతా రొట్టెలు పొట్లం కడుతూ. "పోయినేటి పొడుగోడే నయం. మెట్లెక్కినప్పుడల్లా దూలానికి తల కొట్టుకునేవాడు. కొట్లో కూర్చుని నవ్వుకోడానికైనా పనికొచ్చాడు."

మెలీదా ఉత్తచేతులతో ఎప్పుడూ మెట్లెక్కలేదు. ఏ పిల్ల వచ్చినా, ఏ పిల్లాడు వచ్చినా ఆ పొట్లం తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టేది. వాళ్లు తినేదాకా నోరు విప్పేది కాదు. వాళ్ల ఊరి పద్ధతి అది. కష్టం చెప్పుకోవడానికి వెళ్లినా సరే, ఎదుటివాళ్ల కడుపు చూసి, మొహం చూసి, వాళ్లు వినగలిగినంతే చెప్పాలి. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

అందరికంటే ముందు వచ్చిన పిల్ల ఆరసెలీ. పక్కనే విట్టియర్ ఊరి పిల్ల, స్పానిష్ ఇంటి భాష, నవ్వితే చెంప లోపలికి పోయేది. వచ్చినవాళ్లకు బెరుకు పోవాలంటే ముందు మీ గురించి రెండు మాటలు చెప్పండని లాయరమ్మ నొయెమీ ఆ పిల్లలకు నేర్పి పంపింది. ఆరసెలీ కూర్చోగానే నేర్పినట్టే తన సంగతి మొదలుపెట్టింది. వాళ్ల నాన్న పోలీసట. రోడ్డు మీద ఎవరిదో కారు ఆగిపోతే సాయం చేద్దామని దిగాడట. వెనక నుంచి వచ్చిన లారీ చూసుకోలేదట. ఫోన్లో ఉన్న ఫోటో చూపించింది. యూనిఫాంలో మనిషి, భుజం మీద చేతులేసి పక్కన ఈ పిల్లే. "ఆయన కోసమే నేను లా చదువుతున్నా సెన్యోరా" అన్నది. అది జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పింది గానీ ఫోన్ లోపల పెట్టుకోవడానికి సంచీ జిప్పు దొరకక వెతుక్కుంది.

మెలీదా తన కథ చెప్పుకుంటూ వచ్చింది. లెంపా నది దిగువన వాళ్ల ఊరు. కొడుకు విల్బెర్ బస్సు కండక్టరు. ముఠా కుర్రాళ్లు వాణ్ని పట్టుకొని, దారిలో తిరిగే బస్సులన్నిటి దగ్గరా తమ తరఫున మామూళ్లు వసూలు చేసి పెట్టమన్నారు. వాడు చెయ్యనన్నాడు. బెదిరించారు, ఇంటి గోడ మీద రాతలు రాశారు. ఇక్కడిదాకా వచ్చేసరికి ఆరసెలీ రాయడం ఆపి తలెత్తి, పోలీసులకు చెప్పారా అని అడిగింది.

మెలీదా నోరు తెరిచింది. ఆ పిల్ల కళ్లు చూసింది. నోట్లోకి వచ్చిన మాట వెనక్కి పోయింది.

"లేదమ్మా. భయమేసి వెళ్లలేదు."

ఆమె వెళ్లింది. చక్కగా స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి గౌను వేసుకొని వెళ్లింది. అక్కడి సార్జెంటు కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆ సాయంత్రమే ముఠా కుర్రాళ్లు ఇంటికి వచ్చి, స్టేషనులో ఆమె అన్న మాటలన్నీ పొల్లు పోకుండా ఆమెకే అప్పజెప్పారు. మర్నాడు విల్బెర్‌ను బస్సులోంచి దింపి తీసుకుపోయారు. తర్వాత శవమే దొరికింది.

తండ్రి పోయి కుమిలిపోతున్న పిల్ల ముందు కూర్చుని, నీ తండ్రి లాంటి బట్టలు వేసుకున్నవాడే నా కొడుకును చంపించాడని ఎలా చెప్పడం? ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుంది. ఇంకోసారీ ఆ పిల్లే ఉంది, ఆ కళ్లే ఉన్నాయి. ఆగస్టు వచ్చింది, కేకు కోశారు, ఆరసెలీ ఆమెను పట్టుకొని ఏడ్చి మరీ వెళ్లింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ మొదటి నుంచీ చెప్పండి అని అడగడమే తప్ప మొదటి నుంచీ రాయలేదు. రాయడానికి వాళ్లకు టైమెక్కడిది? ముందువాళ్లు రాసింది ఎదురుగా ఉండేది. ఆమె చెబుతుంటే దాంతో పోల్చుకుంటూ, సరిగ్గానే ఉంది కదా సెన్యోరా అనేవాళ్లు. సరిగ్గానే ఉంది నాన్నా అనేది. పొడుగువాడు దాన్ని పేరాలుగా విడగొట్టాడు. మరో పిల్ల నది గురించి రెండు అందమైన వాక్యాలు చేర్చింది. ఇంకో అబ్బాయి విల్బెర్ నవ్వు గురించి అడిగి అడిగి రాయించుకున్నాడు. ఏటికేడు ఆ వాంగ్మూలానికి మెరుగు వచ్చింది. చదివినవాళ్లకు కళ్లు తడిసేవి. మధ్యలో ఉన్న ఆ అబద్ధం మాత్రం ఎవరి చెయ్యీ తగలకుండా అలాగే ఉంది.

మెలీదా తప్పు కూడా లేకపోలేదు. ఆరసెలీ వెళ్లిపోయాక వచ్చిన పిల్లల తండ్రులెవరూ పోలీసులు కారు. పళ్ల డాక్టరు కొడుకుకు చెప్పవచ్చు, బడిపంతులు కూతురికి చెప్పవచ్చు. చెప్పలేదు. ఎందుకంటే ఆ పిల్లలు రాసిన కథలో మెలీదా స్టేషనుకు వెళ్లని మనిషి. ఆ మనిషి కొడుకు ముఠా పాపానికి పోయాడు గానీ తల్లి నోటి వల్ల పోలేదు. ఏడాదికొక్కసారైనా, ఆ గదిలో కూర్చున్నంతసేపైనా ఆమె ఆ రెండో మనిషిగా బతికేది. కిందికి దిగి బస్సెక్కాక మళ్లీ మామూలే.

ఎట్టకేలకు ఈ వేసవి కబురొచ్చింది. శరదృతువులో తేదీ, ఈసారి ముందుకు జరగదు. లాయరమ్మ నొయెమీ ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, ఒకటికి రెండుసార్లు కోర్టుకు ఫోన్ చేసి గానీ నమ్మలేదు.

తేదీ దగ్గరపడిన కేసులకు ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉంది. పెద్ద గదిలో బల్లలు జరిపి ఉత్తుత్తి కోర్టు పెడతారు. ఒక విద్యార్థి జడ్జి, ఒక విద్యార్థి ప్రభుత్వ లాయరు. అసలు కోర్టులో ఎదురయ్యే ముల్లు ప్రశ్నలన్నీ ముందే గుచ్చి చూస్తారు. ఈ ఏడు మెలీదా కేసు చూస్తున్న పిల్ల పేరు తాలియా. బొద్దుగా, చురుగ్గా ఉండేది. కాలేజీలో వక్తృత్వ పోటీలన్నీ ఎగరేసుకుపోయిందట. ప్రభుత్వ లాయరు వేషం తనకే కావాలంది. ఆ వేడిలో నల్లకోటు కూడా తెచ్చుకొని వేసుకుంది. జడ్జి కుర్రాడికి ఏమీ దొరక్క కిందికి వెళ్లి తోయా నల్ల శాలువా అడిగి కప్పుకొచ్చాడు. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. మెలీదా కూడా నవ్వింది.

తాలియా ప్రశ్నలు మొదలుపెట్టాక నవ్వులు ఆగిపోయాయి. ఆ పిల్ల పని బాగానే నేర్చుకుంది. పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదని అడిగింది. భయమేసిందని మెలీదా ఏళ్లుగా చెప్పిన మాటే చెప్పింది. వెళ్లకుండానే వాళ్లు సాయం చేయరని ఎలా తెలుసని అడిగింది. అందరూ అనుకునేవాళ్లని మెలీదా చెప్పింది. అందరూ అంటే ఎవరని అడిగింది. ఆ రోజు లాండ్రీలో పొద్దుటి షిఫ్టు చేసి వచ్చింది మెలీదా. చేతుల మీద ఆవిరి కాలిన మచ్చలు చురుక్కుమంటున్నాయి.

తాలియా రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగింది. "కన్నకొడుకు ప్రాణం మీదికి వస్తే, ఒక తల్లి కనీసం వెళ్లి అడగదా సెన్యోరా?"

మెలీదా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అడిగాను. వెళ్లాను" అన్నది. "కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చారు. నేనక్కడ చెప్పిన మాటలే సాయంత్రానికి ముఠావాళ్లు నా గుమ్మంలో నిలబడి చెప్పారు. ఆ సార్జెంటే నా బిడ్డను పట్టిచ్చాడు."

జడ్జి కుర్రాడు శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తాలియా, ఏదో తనే చేసినట్టు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నొయెమీ పిల్లలందరినీ భోజనానికి పొమ్మని పంపించేసి తలుపు వేసింది.

నొయెమీ అంతకు ముందు రాత్రి సరిగా నిద్రపోలేదు, అంతకు ముందు ఏడూ సరిగా నిద్రపోలేదు. ఆమెకు అరవాలని ఉంది. అరవడానికి ఓపిక లేదు. ఇన్నేళ్లు ఎందుకు దాచావక్కా అని మాత్రం అడిగింది.

"ఆ పిల్ల వాళ్ల నాన్న పోలీసు లాయరమ్మా" అన్నది మెలీదా.

ఏ పిల్లో నొయెమీకి వెంటనే తట్టలేదు. తట్టాక తల రెండు చేతుల్లో పెట్టుకొని కూర్చుండిపోయింది. తర్వాత ఉన్న సంగతి విడమరిచి చెప్పింది. పోలీసులే శత్రువులైతే తప్ప, వాళ్ల రక్షణ దొరకదని తేలితే తప్ప ఆశ్రయం రాదు. అంటే కేసుకు ప్రాణమంతా ఆ ఒక్క సార్జెంటు దగ్గరే ఉంది. అది చెప్పకపోతే ఓడిపోతారు. ఇప్పుడు కొత్తగా చెబితే, గెలవడానికి అల్లిందని ప్రభుత్వ లాయరు అంటాడు. ఓడిపోతే విమానం ఎక్కించి పంపేది ఆ ఊరికే. ఆ సార్జెంటు ఇప్పుడు అక్కడే ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడని మెలీదా చెల్లెలు ఫోన్లో చెబుతూనే ఉంది. ఇల్లు మారినా, పేరు మార్చుకున్నా ఆ ఊళ్లో అతనికి తెలియకుండా ఎవరూ బతకలేరు.

దారి ఒకటే కనిపించింది నొయెమీకి. ఆరసెలీని వెతికి పట్టుకొని, ఆ రోజు తన తండ్రి సంగతి ఈమెకు చెప్పిన మాట నిజమేనని సాక్ష్యం ఇప్పించాలి. ఆరసెలీ ఎక్కడికీ పోలేదు. శాక్రమెంటోలో ఉద్యోగం, క్రిస్మస్‌కు కార్డు కూడా పంపుతుంది.

మెలీదా ఒప్పుకోలేదు. నొయెమీ బతిమాలింది, కోప్పడింది, మళ్లీ బతిమాలింది. మెలీదా బల్ల చెక్క కేసి చూస్తూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఆ పిల్లని దీంట్లోకి లాగకండమ్మా. వాళ్ల నాన్న వల్ల నా కేసు పాడైందని జీవితాంతం మోస్తుంది. నేనే చెబుతాను. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎందుకు నమ్మరు?" అన్నది.

ఎందుకు నమ్మరో నొయెమీకి తెలుసు. కానీ కేసు మెలీదాది.

తాలియా మిగిలిన రోజులన్నీ ఆ కొత్త వాంగ్మూలం మీదే కూర్చుంది. నల్లకోటు మళ్లీ వేసుకోలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు క్షమించమని రోజూ ఏదో ఒక వంకన అడిగేది. నువ్వు అడగబట్టే కదా బంగారం బయటపడింది, తిను అంటూ మెలీదా రొట్టె ముందుకు తోసేది. ఆగస్టు చివర కేకు కోశారు. తీర్పు వచ్చిన రోజే తనకు ఫోన్ చేయాలని తాలియా ఒట్టు వేయించుకొని బోస్టన్ వెళ్లిపోయింది. ఆ ఆఫీసులో విద్యార్థులు వేసవిలో కేసులు కడతారు, కోర్టు మాత్రం వాళ్లు పోయాకే ఉంటుంది. ఏ పిల్లా జడ్జి మొహం చూసి ఎరగదు.

విచారణ రోజు మెలీదా తన గౌను తానే ఇస్త్రీ చేసుకొని వెళ్లింది. కోర్టు గదికి కిటికీ లేదు. జడ్జి పెద్దావిడ, గొంతు కరుకు కాదు. ప్రభుత్వ లాయరు జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ కూర్చున్న కుర్రవాడు. ఆమె పక్కన దుబాసీ. సార్జెంటు సంగతంతా మెలీదా చెప్పింది. తాలియా గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలే ఈ కుర్రవాడూ అడిగాడు, అంతకంటే మెత్తగానే అడిగాడు. చివరికి అనుకున్న ప్రశ్న వచ్చింది. ఇన్ని వేసవుల్లో ఇంతమందికి చెప్పిన కథలో ఈ సార్జెంటు ఎందుకు లేడు?

మొదట రాసుకున్న అమ్మాయి తండ్రి పోలీసని, పోయాడని, ఆ పిల్ల మనసు నొప్పించలేకపోయానని మెలీదా చెప్పింది. దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు. మార్చేటప్పుడు అతను ఒక్క క్షణం ఆగి ఆమె కేసి చూశాడు. సరిగ్గానే విన్నానా అన్నట్టు.

మరి ఆ అమ్మాయి వెళ్లిపోయాక వచ్చినవాళ్లకు ఎందుకు చెప్పలేదని కుర్రవాడు అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది. నొయెమీకి కూడా చెప్పని జవాబు. అది నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్పలేకపోయాను" అన్నది, అంతే.

జడ్జి కాసేపు విరామం ఇచ్చి, తిరిగొచ్చి అప్పటికప్పుడే తీర్పు చదివింది. కొడుకు చావు నిజమేనని నమ్మింది. తల్లి దుఃఖం నిజమేనని నమ్మింది. కానీ కేసుకు గుండెకాయ లాంటి విషయాన్ని, కేవలం ఒక పరాయి విద్యార్థిని బాధపడుతుందని, అన్నేళ్లు ఏ తల్లీ దాచిపెట్టదని, దానికి సాక్ష్యం కూడా ఏదీ లేదని, అందుకని పోలీసుల గురించి ఆమె చెప్పిన మాట నమ్మడానికి వీల్లేదని చెప్పింది. దుబాసీ గొంతు తగ్గించి ఒక్కో ముక్కా మెలీదా చెవిలో వేస్తూ వచ్చాడు. ఆశ్రయం నిరాకరించడమైనది. పై కోర్టుకు వెళ్లవచ్చు.

బయట మెట్ల మీద నొయెమీ ఏదో చెప్పబోయింది. మెలీదా ఆమె చేతి సంచీ అందుకొని మోసింది. ఇద్దరూ బస్సు ఆగే చోటికి నడిచారు.

నొయెమీ గడువులోగా పై కోర్టుకు అప్పీలు వేసింది గానీ, తర్వాత కొన్నాళ్లు మెలీదా పైమేడకు రాలేదు. తోయా రెండుసార్లు లాండ్రీకి వెళ్లి పలకరించింది. పనిలో ఉన్నానంది, చొక్కా మీంచి తల ఎత్తలేదు. తాలియా ఫోన్ చేస్తే తీయలేదు. ఆ పిల్ల ఏడుపు వినే ఓపిక తనకు లేదని తోయాతో అన్నది. ఎవరో తన మొహం మీద తలుపు వేశారని కాదు ఆమె బాధ. తలుపులు ఆమెకు కొత్త కాదు. ఏ తల్లీ అలా చేయదు అన్న మాట లాండ్రీలో ఆవిరి మధ్య కూడా వినపడుతూనే ఉంది. నిజమే, ఏ తల్లీ చేయదు. పిల్ల మొహం చూసి మొదలుపెట్టింది, తన మొహం తాను చూసుకోలేక కొనసాగించింది. జడ్జి సగం తప్పు చెప్పింది, సగం సరిగ్గానే చెప్పింది. ఆ సగం ఆవిడకు తెలిసే దారి లేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం మెలీదా తనంతట తానే మెట్లెక్కింది. చేతిలో రొట్టెల పొట్లం లేదు. ఆరసెలీకి కబురు పెట్టమని నొయెమీతో చెప్పింది. తన మాట మొత్తం ఇంకోసారి రాయాలని, అది ముందు ఆ పిల్ల చదవాలని, చదివాక సాక్ష్యం చెప్పాలో వద్దో ఆ పిల్లే తేల్చుకోవాలని అన్నది. పై కోర్టు కేసు మళ్లీ తెరవాలంటే ఇదొక్కటే ఆధారమని నొయెమీ ఎప్పటి నుంచో చెబుతున్నదే. ఆమె మారు మాట్లాడకుండా, చలికాలం సెలవుల్లో పనిచేయడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్లో ఒకడిని పిలిచి గదిలో కూర్చోబెట్టింది.

కాలెబ్ అని, మీసం సరిగా రాని కుర్రాడు. వచ్చి వారం కూడా కాలేదు. కుర్చీ ముందుకు లాక్కొని, గొంతు మెత్తగా చేసుకొని, నేర్పినట్టే మొదలుపెట్టాడు. తన పేరు చెప్పాడు, తన ఊరు బేకర్స్‌ఫీల్డ్ అన్నాడు, వాళ్లమ్మ సంగతి ఎత్తుకోబోయాడు.

మెలీదా చెయ్యెత్తి ఆపింది.

"ఆగు నాన్నా. మీ అమ్మ గురించి నాకిప్పుడేం చెప్పకు. మీ నాన్నేం చేస్తాడో, మీ ఇంట్లో ఎవరికేం జరిగిందో నాకు తెలియకూడదు. తెలిస్తే నీ మొహం చూసుకుంటూ మాట్లాడతాను. ముందు నాది రాసుకో."

కాలెబ్ గభాలున నోరు మూసుకొని కలం తీశాడు.

"స్టేషనుకు వెళ్లింది నేను. పోలీసులూ ముఠావాళ్లూ ఒకటేనమ్మా, వెళ్లొద్దని విల్బెర్ చెప్పాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాణ్ని పక్కకు నెట్టి వెళ్లాను." ఆమె ఆగింది. "రాశావా?"

పిల్లాడు రాయలేదు. ఆమె కేసి చూస్తున్నాడు. కళ్లు నిండి ఉన్నాయి.

"నన్ను చూడకు" అన్నది మెలీదా. "రాయి."

అతను తల వంచి రాయడం మొదలుపెట్టాడు. రాసేదాకా ఆగి, ఆమె తర్వాతి మాట చెప్పింది.